పక్షి రాకకు ముందు ఇల్లు సిద్ధపడవలెను

పక్షులయందు ప్రీతి మన ప్రాంతమునకు క్రొత్త కాదు. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట సెప్టెంబరు నెల ప్రాంతమున గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చి, ఊరి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి ముదురకముందే మరలిపోవును. ఆ గ్రామస్థులు వాని రాకను శుభముగా నెంచి, వానికి కీడు చేయరు, చేయనీయరు. ఇచ్ఛాపురము దగ్గరి తేలుకుంచిలో తొలకరితో వచ్చు నత్తగుల్ల కొంగలకును ఇట్టి ఆదరమే కలదు. ఈ ప్రీతియే మన విద్యార్థులలో పలువురిని ఒక పక్షిపిల్లను ఇంటికి తెచ్చి పెంచుకొనవలెనని పురికొల్పుచున్నది. ఆ కోరికను మేము నిందింపము. కాని ప్రీతి వేరు, సన్నాహము వేరు. పెండ్లివారు వాకిట దిగిన తరువాత పందిరి రాటకొరకు వెదకువారు మనలో లేరు. పక్షి విషయమున మాత్రము పంజరమును, మేతను, తావును, తుదకు దానిని చూచువారెవరను మాటను కూడ పక్షి వచ్చిన పిమ్మటనే ఆలోచించుచున్నాము.

ఈ విషయమున మా అభిప్రాయము రెండు మాటలలో చెప్పవచ్చును. తల్లిమేత మాని తనంత తాను మేయనేర్వని పిల్లను ఇంటికి తేరాదు. మేయనేర్చిన పిల్లనైనను ఇల్లు సిద్ధపడక ముందు తేరాదు. తక్కినదంతయు ఈ రెండు మాటలకు వివరణమే.

మొదట ఏ పక్షిని తేవలెనను ప్రశ్న తీరవలెను. ఉద్దానమున తలలు విరిగి నిలిచిన కొబ్బరి మానుల తొర్రలలో రామచిలుకలు గూడు పెట్టును. తొర్రలో చేయి పెట్టి రెక్కలు రాని పిల్లలను తీసి తెచ్చుట ముచ్చటైన పని యని తలచువారు నేటికిని ఉన్నారు. ఈ వాడుక మానవలెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు, ఇంట నుంచుకొనుటయు నేరము. చట్టభయము నటుంచి న్యాయమును విచారింతము. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస చేరువ తీరము దాటిన తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలను నేలగూల్చినది. పోయిన తోట మరల కాపునకు వచ్చుటకు ఎన్ని ఏండ్లు పట్టునో మన తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. ముదురు చెట్టు కూలినప్పుడు దాని తొర్రలో కాపురమున్న పక్షికిని ఇల్లు కూలినట్లే. మిగిలిన గూళ్లను మనము దోచినచో, తుఫాను విడిచిన దానిని మన చేతులు విడువనట్లగును. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున పక్షిగూడు కంటబడినపుడు తల్లిని పట్టరాదను ఆజ్ఞ కలదు. చేతికందిన దెల్ల మనది కాదనియు, గూటి ముందు నరుని చేతికి ఒక హద్దు కలదనియు దానివలన మేము గ్రహించుచున్నాము.

ఇండ్లలోనే తరతరములుగా పెరిగి, పంజరమున పుట్టిన జాతులు వేరు. మన సంతలలో 'లవ్ బర్డ్స్' అను పేర అమ్మబడు చిన్న రంగుపిట్టలు తరచుగా బడ్జెరిగార్లు. వీని స్వస్థలము ఆస్ట్రేలియా. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని సజీవముగా ఇంగ్లాండునకు తీసికొనిపోయెను. నాటినుండి అవి లోకమంతట పెంపుడు పక్షులైనవి. తలపై కుచ్చు గల కాకటీల్ కూడ ఆస్ట్రేలియా పక్షియే. క్రొత్తగా పెంచువారికి ఈ రెండును తగినవి. విదేశపు జాతులలో అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలకెక్కిన వానిని ఉంచుకొనువారు 2024 నాటి నియమముల ప్రకారము ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. ఈ రెండు జాతులును ఆ పట్టికలలో లేవు. కావున పెద్ద చిలుకలను చూచి ఆశపడక, చిన్నవానితో తృప్తిపడుట విద్యార్థికి అన్ని విధముల మేలు.

ఇక తల్లిమేత మానుట యనగా నేమో విచారింతము. బడ్జెరిగారు పిల్ల గ్రుడ్డు వెడలిన ముప్పది, ముప్పదియైదు దినములకు గూడు విడుచును. గూడు విడిచినంతనే అది స్వతంత్రమైనదని భ్రమపడరాదు. మరి ఒకటి రెండు వారములు తండ్రిపక్షి దాని నోట మేత పెట్టుచు, గింజ వొలుచు విధమును దానికి చూపుచుండును. కావున ఆరు వారములు నిండకముందు దానిని వేరుచేయరాదు. ఎనిమిది వారములైనచో మరియు మంచిది. కాకటీల్‌కు ఎనిమిది మొదలు పది వారములు పట్టును. అమ్మువాని మాటయే ప్రమాణముగా గొనక, మన కన్నులనే నమ్మవలెను. బడ్జెరిగారు పిల్లకు నుదుట సన్నని చారలు ముక్కు మొదటివరకు వ్యాపించియుండును. మూడు నాలుగు నెలలకు ఈకలు రాల్చినపుడు అవి వెనుకకు పోవును. చారలు గల పిల్ల లేతది యని తెలిసికొని, అది తానే గింజ నోటబట్టి, వొలిచి, పొట్టు రాల్చి, పప్పు మ్రింగుచున్నదో లేదో కొంతసేపు నిలిచి చూడవలెను. గింజలను కెలకుచు ఆడుట మేయుట కాదు. మెడక్రింది మేతసంచి సాయంకాలమునకు నిండియుండవలెను. రెక్కలల్లార్చి దీనముగా అరచుచు నోరు తెరచు పిల్ల ఇంకను తల్లిచాటు పిల్లయే. దానిని మరి రెండు వారములకు తీసికొందునని చెప్పి వట్టిచేతులతో మరలి వచ్చుట సిగ్గు కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చుచున్నది. "పసిపిల్లగా తెచ్చి చేతితో మేత పెట్టిననే మచ్చికయగును, పెద్దదైన పిమ్మట మన మాట వినదు" అని పలువురందురు. ఇది సగము నిజము, సగము ప్రమాదము. చేతి మేతకు పిల్ల అలవాటుపడుట నిజమే. కాని ఆ మేత కొంచెము వేడెక్కినచో మేతసంచి కాలును. చల్లారినచో లోపల పులిసి నిలిచిపోవును. త్రొందరపడి పోసినచో ఊపిరిగొట్టములోనికి పోయి నిమిషములలో ప్రాణము తీయును. ఆరితేరిన పెంపకందారులే ఎంతయో జాగరూకతతో చేయు ఈ పనిని బడిగంట మ్రోగువేళ పుస్తకములు సర్దుకొను బాలుడు చేయగలడా? మేయనేర్చిన లేతపక్షియు దినమునకు రెండుమారులు పావుగంటసేపు మెత్తని మాటలతో, చేతిలోని కొర్రకంకితో చేరదీసినచో కొన్ని వారములలో వ్రేలిపై వ్రాలును. మచ్చికకు మూలము ఓర్పే గాని ఆకలి కాదు. ఆకలిచే దగ్గరకు వచ్చు ప్రాణిని చూచి అది మనలను ప్రేమించుచున్నదనుకొనుట ఆత్మవంచన.

ఇల్లు సిద్ధపరచుటలో మొదటిది గాలి. పక్షి ఊపిరితిత్తులకు తోడు దేహమంతట గాలితిత్తులు కలవు. పీల్చినపుడును విడిచినపుడును క్రొత్తగాలి దాని ఊపిరితిత్తుల గుండా ఒకే దిక్కునకు సాగుచుండును. ఎగురుటకు ఉపకరించు ఈ ఏర్పాటే విషవాయువులను మనకంటె ముందుగా దానికి తగిలించును. జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుని సూచనపై ఇంగ్లాండు దేశపు బొగ్గుగనులలో కేనరీ పక్షులను లోనికి కొనిపోయి, అవి సొమ్మసిల్లినచో విషవాయువున్నదని తెలిసికొనెడివారు. యంత్రములను ఆ స్థానమున నుంచుటకు 1986లో గాని నిర్ణయము కాలేదు. పలాస, కాశీబుగ్గ వాసులకు పొగ సంగతి బాగుగా తెలియును. జీడిపిక్కలు కాల్చుచోటను, జీడితొక్కను వంటచెరకుగా మండించుచోటను వచ్చు పొగ మన కండ్లనే మండించును గదా! అట్టి బట్టీ ప్రక్క ఇంటిలో లేతపక్షిని పెట్టుట తగదు. వంటయింటను పంజరము తగదు. అంటుకొనకుండుటకై టెఫ్లాను పూత పూసిన పెనము పొయ్యిమీద మాడినచో దాని ఆవిరి మనకు తెలియకయే పక్షిని చంపును. దోమలచుట్ట, సాంబ్రాణి పొగ, పురుగులమందు చిమ్ముట, గోడలకు క్రొత్తరంగు వేయుట, ఇవియన్నియు పక్షియున్న గదిలో మానవలెను. పక్షి కొరకు దోమలచుట్ట మానలేని ఇల్లు పక్షిని మానుటయే మేలు.

రెండవది పంజరము. ఎత్తైన గుండ్రని పంజరము చూపునకు సొంపుగానుండును గాని పక్షికి పనికిరాదు. అది పైకి క్రిందికి గాక అడ్డముగా ఎగురును. ఒక బడ్జెరిగారునకు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తగ్గరాదు. కమ్మీల నడుమ సందు అరయంగుళము మించినచో తల దూర్చి చిక్కుకొనును. క్రొత్త ఇనుపతీగపై జస్తపు పూత పొరలు పొరలుగానున్నచో పక్షి దానిని కొరికి విషమున పడును. కావున కొన్న పంజరమును గట్టిగా తోమి, కడిగి, ఎండబెట్టవలెను. వ్రాలుటకు నున్నని కర్రలు అన్నియు ఒకే లావున నుండినచో కాళ్లు పుండ్లుపడును. జామకొమ్మలు, వేపకొమ్మలు వేర్వేరు లావులలో కోసి పెట్టుట చాల మంచిది. మన పెరట దొరకునుగదా యని జీడిమామిడి కొమ్మను మాత్రము పెట్టరాదు. దాని జీడి చర్మమును కాల్చు గుణము గలది. పంజరమునకు ఒక వైపు గోడ యుండవలెను, నాలుగు దిక్కుల బయలుండరాదు. పంకా తిరుగు గదిలో పక్షిని విడువరాదు. పిల్లులు, పాములు, చీమలబారు చేరని ఎత్తున దానిని వ్రేలాడగట్టవలెను.

మూడవది మేత. ఇచ్చట మన ప్రాంతము ధన్యమైనది. కొర్రలు, సామలు, గంటెలు, చోళ్లు మన అంగళ్లలో దొరకును. వీనిని కొన్నిటిని నానబెట్టి మొలకెత్తించినచో లేతపిల్లకు వొలుచుట సులభము. తోటకూర, మునగాకు, కొత్తిమీర కడిగి పెట్టవలెను. ఉప్పు తగిలిన తిండి, కాఫీ, చాకొలెట్టు, అవకాడో పండు పెట్టరాదు. సున్నపుధాతువు కొరకు అంగడికి పోనక్కరలేదు. బారువ, భావనపాడు తీరములలో కెరటములు ఒడ్డునకు చేర్చు తెల్లని సముద్రపు నురుగు, అనగా ఒకవిధమైన సముద్రజీవి పెంకు, అదియే. దానిని మంచినీట కొన్ని దినములు నానబెట్టి, నీరు మార్చుచు ఉప్పు విడిపించి, ఎండించి, పంజరమునకు కట్టవచ్చును.

మేత విషయమున చిన్న మాటయైనను ప్రాణముతో కూడిన మాట యొకటి కలదు. పక్షి గింజను వొలిచి పొట్టును గిన్నెలోనే విడుచును. పైకి గిన్నె నిండియున్నట్లే కనబడును. క్రింద ఒక్క గింజయు నుండదు. "నిన్ననే నిండుగా పోసితిమి" అనుకొను ఇంటిలో నిండుగిన్నె ముందే పక్షి ఆకలితో చచ్చును. ప్రతి ఉదయము గిన్నె నూది పొట్టు పోగొట్టుట, నీరు మార్చుట, అడుగు కాగితము తీయుట, ఈ మూడును నిత్యకృత్యములు.

ఇల్లు చేరిన మొదటి వారమున పిల్లకు ముఖ్యమైనది నిశ్శబ్దము. ఇరుగుపొరుగు పిల్లలనందరిని పిలిచి చూపుట ఆ వారము పనికిరాదు. పూర్వము తిన్న మేతయే మొదట పెట్టి, క్రొత్తది మెల్లగా కలుపవలెను. రాత్రి పది పండ్రెండు గంటల నిద్ర కావలెను. మేయనేర్చిన పిల్లయైనను క్రొత్తచోట బెంగపడి మేత మానవచ్చును. దీనిని కనిపెట్టుటకు మాటలకంటె త్రాసు నయము. ఎదిగిన బడ్జెరిగారు సుమారు ముప్పది మొదలు నలువది గ్రాములు తూగును. ప్రతి ఉదయము వంటింటి చిన్న త్రాసుపై తూచి వ్రాసియుంచినచో రెండు మూడు గ్రాముల తరుగు కనబడగనే ఎచ్చరికయగును. పక్షులు తమ రోగమును దాచుకొనును. ఈకలు ఉబ్బించి మూలన కూర్చుండునప్పటికే వ్యాధి ముదిరియుండును. కావున పక్షులను చూడనేర్చిన పశువైద్యుడు ఎచ్చట నున్నాడో పక్షి రాకముందే తెలిసికొనవలెను.

పక్షి ఆరోగ్యమువలెనే ఇంటివారి ఆరోగ్యమును విచారింపవలెను. చిలుకజాతి పక్షుల రెట్టల ధూళివలన మనుష్యులకు సోకు జ్వరమొకటి కలదు. 1929, 1930 సంవత్సరములలో అది పలు దేశములలో వ్యాపించెను. ఆరోగ్యవంతులకు శుభ్రతయే తగిన రక్ష. కాని మన ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్లను పీడించుచున్నదో ఎరుగనివారు లేరు. డయాలిసిస్ చేయించుకొనుచున్నవారో, మూత్రపిండ మార్పిడి జరిగి రోగనిరోధకశక్తిని తగ్గించు మందులు వాడువారో ఇంటనున్నచో, వైద్యుని అడుగక పక్షిని తేరాదు. తాతగారి ఆరోగ్యముకంటె మన ముచ్చట ఎక్కువ కాదు.

ఇక కాలము. బడ్జెరిగారు అయిదు మొదలు పదేండ్లు, కాకటీల్ పదునైదేండ్లు, కొన్ని అంతకంటె ఎక్కువయు బ్రతుకును. ఏడవ తరగతిలో పక్షిని తెచ్చిన బాలిక పదవ తరగతి పరీక్షలు వ్రాసి, పై చదువునకు వసతిగృహమునకు పోవునప్పటికి అది ఇంకను పడుచుపక్షియే. ఉద్దానమునుండి విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు, గల్ఫు దేశములకు పనికి పోవు కుటుంబములు పెక్కు. తాళము పడిన ఇంటిలో పక్షి యుండజాలదు. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు దానిని ఎవరు ఎత్తుకొందురు? చిన్నపెట్టె, నాలుగు దినముల మేత, సీసాడు మంచినీరు, కప్పుటకు బట్ట సిద్ధముగానున్నవా? అక్టోబరు నెల వచ్చిన తరువాత అడుగవలసిన ప్రశ్నలు కావివి.

"ఇంత శ్రమయేల? అసలు పక్షిని బంధించుటయే పాపము గదా" అనువారును కలరు. పూర్వజన్మమున చిలుకను పంజరమున నుంచిన ఫలముగా రామదాసు పండ్రెండేండ్లు చెరసాలలో మగ్గెనను కథ తెలుగువారందరు ఎరిగినదే. ఆ కథలోని ధర్మమును మేము గౌరవింతుము. అడవిచిలుక విషయమున అది అక్షరాల నిజము. కాని పంజరమున పుట్టి, మన ఎండలోను వానలోను మేతవెదకనేర్వని పరదేశపు పక్షిని విడిచిపుచ్చుట దయ కాదు. కాకికో డేగకో ఒప్పగించుట. అట్టి దానికి మనము చేయగల న్యాయము మంచి పంజరము, గదిలో రెక్క చాచుటకు దినమున కొంతసేపు, తోడు, మేత. ఇవి ఇయ్యలేనివారు తేకుండుటయే న్యాయము.

కావున విద్యార్థులకు మేమొక పరీక్షను సూచించుచున్నాము. పక్షిని కొనుటకు ముందు పదునైదు దినములు ఖాళీ పంజరమును సాకుడు. తెల్లవారి లేచి ఖాళీ గిన్నె కడుగుడు, నీరు మార్చుడు, అడుగు కాగితము మార్చుడు, సాయంకాలము ఆటలు ముగిసిన పిమ్మట దానియెదుట పావుగంట కూర్చుండుడు. ఆ పదునైదు దినములు వంటింటి పొగ ఎటు పోవుచున్నదో, పిల్లి ఎటు వచ్చుచున్నదో, మధ్యాహ్నపు ఎండ ఎచ్చట పడుచున్నదో కనిపెట్టుడు. ఒక్కదినమైనను మరువక చేసినచో మీ తండ్రిగారిని ధైర్యముగా అడుగవచ్చును. నాలుగవనాటికే విసుగు పుట్టినచో, ఆ విసుగు వట్టి పంజరము ముందు పుట్టినందుకు సంతోషింపవలెను. ప్రాణము గల పక్షి ముందు పుట్టియుండినచో దాని ఫలము వేరుగానుండెడిది. తల్లిదండ్రులకు మా మనవి యొకటే: పరీక్షలో మార్కులు వచ్చినందుకు బహుమానముగా పక్షిని ఇయ్యకుడు. బహుమానము మన యిష్టమువచ్చినట్లు వాడుకొను వస్తువు. పక్షి మన వేళలను తన వేళలకు మార్పించు ప్రాణి.

ఈ పరీక్షలో నెగ్గనివారికిని పక్షిప్రీతి తీరు మార్గము కలదు. మంచుదినములలో ఒక శనివారము తేలినీలాపురము పోయి, గూడబాతు తన సంచిముక్కున తెచ్చిన చేపను పిల్ల ఎట్లు తల దూర్చి తినుచున్నదో దూరమునుండి చూడవచ్చును. రెక్క లాగునంతవరకు ఆ తల్లి పిల్లను విడువదు. మన చేతికి వచ్చు పిల్లకును ఆ గడువు దక్కవలెనని, దానికి ముందే మన ఇల్లు సిద్ధపడియుండవలెనని మాత్రమే మేము కోరుచున్నాము.